దేవుళ్ళున్న గోడ

మా వీధికి కొత్తగా వచ్చేవాళ్ళకి గుర్తులు చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. "మెయిన్ రోడ్డు మీద ఆటో దిగండి, నాలుగడుగులు నడవండి, ఎక్కడ ముక్కు మూసుకోవాలనిపిస్తే అక్కడ కుడిచేతి వైపు తిరగండి" అంటే చాలు, తిన్నగా మా ఇంటికి వచ్చేసేవాళ్ళు. ఆ మలుపులో ఉన్నదే మా పఠన మందిరం. కంపు దాని గోడది అనేవాళ్ళు అందరూ. గోడ పాపం ఏం చేసింది? కంపు మా రాజమండ్రి మగవాళ్ళది.

తాతల కాలంలో ఊళ్ళోవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్న మేడ అది. డంగు సున్నం గోడలు, బర్మా టేకు దూలాలు, కిటికీల మీద అర్ధచంద్రాకారంలో రంగు అద్దాలు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో కూడా లోపల అడుగుపెడితే ఒళ్ళు చల్లబడేది. రోడ్డు వైపు గోడని ఆనుకుని లోపల చెక్క మెట్లుండేవి. ఆ మెట్లెక్కితే ఆడవాళ్ళ గది. ఆ రోజుల్లోనే ఎవరికొచ్చిందో ఆ బుద్ధి, ఆడవాళ్ళు కూర్చుని చదువుకోవడానికని విడిగా ఒక గది కట్టారు.

నేను టీచరు ఉద్యోగానికి చదువుకున్నది ఆ గదిలోనే. కోనసీమ నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో నేను పుస్తకం పట్టుకుంటే అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. మినప్పప్పు నానబోశావా అని ఒకరు, మేడ మీద బట్టలు తీశావా అని ఒకరు. ఆ గదిలో నన్నెవరూ ఎందుకొచ్చావని అడగలేదు. ఉద్యోగం వచ్చింది, బళ్ళో పిల్లలకి సోషల్ చెప్పీ చెప్పీ గొంతు అరిగింది, రిటైరయ్యాను, మళ్ళీ అక్కడికే చేరాను. సాయంత్రాలు వెళ్ళి కిటికీలు తెరవడం, బల్లలు తుడవడం, వచ్చిన అమ్మాయిలకి తెలిసింది చెప్పడం. జీతం లేని కొలువు. కానీ నాకు ఇష్టమైన కొలువు.

వచ్చేవాళ్ళలో నిడదవోలు నుంచి పాసింజరు బండిలో వచ్చే ఒకమ్మాయి ఉండేది. పెళ్ళయింది, చంటివాణ్ణి వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చేది. రెండు గదుల ఇల్లు, మామగారు పొద్దస్తమానం టీవీ పెట్టుకుంటారట. టీచరు పోస్టుల పరీక్షకి చదువుతోంది. చాలా దగ్గరగా వచ్చి ఒకసారి తప్పింది. "ఈసారి కొడతానండి మేడమ్, ఈ గది ఉంటే చాలండి" అనేది. ఈ గది ఎక్కడికి పోతుందే పిచ్చిదానా, ఇంతకాలం ఉన్నది, నీ పరీక్ష దాకా ఉండదా అనేదాన్ని నేను.

బయట గోడ సంగతి మాత్రం చెప్పుకుంటే సిగ్గు. పొద్దున నుంచి రాత్రి దాకా ఒకడు పోతే ఒకడు. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాయించాం. సరిగ్గా ఆ అక్షరాల మీదే పోసేవాళ్ళు. అక్షరాలు చెరిగిపోయేదాకా పోశారు. ఏదో చదువు రానివాళ్ళ పని అనుకుంటారేమో, కాదు. ఒకరోజు పొద్దున్నే తెల్ల కారు ఒకటి ఆగింది. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతికి బంగారు గొలుసు, దిగి గోడ వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఇది? కారుందిగా, ఇంటికెళ్ళే దాకా ఆగలేరా?"

తాపీగా పని కానిచ్చుకుని తిరిగాడు. "పాత బిల్డింగే కదండీ," అన్నాడు. తర్వాత నన్ను పోల్చుకున్నాడు. "అయ్యో, టీచరు గారా! మా అమ్మాయి మీ దగ్గరే చదువుకుందండి. మీరంటే మాకెంతో గౌరవమండి."

అని, ఆ చేతులతోనే నాకు నమస్కారం పెట్టాడు. ఇంటికి వెళ్ళి ముందు నేను చేతులు కడుక్కున్నాను, నేనేమీ ముట్టుకోకపోయినా.

పాతదే కదండీ. ఈ మాట మా ఊళ్ళో విన్నన్నిసార్లు నేను మరే మాటా వినలేదు. కూరలమ్మే దగ్గర వింటాను, పెళ్ళిళ్ళలో వింటాను. తాతగారి బీరువా పాతదే కదండీ, రైలు వంతెన పాతదే కదండీ. ఊరికేమో రాజమహేంద్రవరం అని పాత పేరు మళ్ళీ పెట్టించుకున్నాం. ఊళ్ళోకి వచ్చే దారిలో తోరణం మీద వెయ్యేళ్ళ చరిత్ర అని బంగారు రంగులో రాసుకున్నాం. చరిత్ర తోరణం మీద ఉంటే అందరికీ ఇష్టమే. అది ఇటుకై, సున్నమై వీధిలో నిలబడి, ఏడాదికోసారి మరమ్మతు అడిగితేనే గిట్టదు.

మందిరాన్ని కాపాడటానికి ఒక సంఘం పెట్టుకున్నాం. సంఘమంటే నేను, మరో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళం, కార్యదర్శి గారూను. ఆయన బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. మైకు కనిపిస్తే వదలరు. సంఘం మొదటి పని ఒక సభ పెట్టడం. "మన వారసత్వం, మన గర్వం" అని నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించారు. ఆ ఫ్లెక్సీని ఎక్కడ కట్టారనుకున్నారు? రంగు అద్దాల చట్రాలకి మేకులు దిగ్గొట్టి కట్టారు. ఒక ఎర్ర అద్దం అడ్డంగా చీలిపోయింది. నేను అరుస్తుంటే "సభ అయ్యాక మార్పించేద్దామండి, కొత్తవి దొరుకుతాయి కదండీ" అన్నారు కార్యదర్శి గారు. శాలువాలు కప్పుకున్నారు, ఒకరినొకరు పొగుడుకున్నారు, ప్లాస్టిక్ పళ్ళేల్లో పులిహోర తిని ఆ పళ్ళేలు మందిరం అరుగు మీదే వదిలి వెళ్ళిపోయారు. పైన పటారం, లోన లొటారం. నేనూ ఆ నిడదవోలు అమ్మాయీ చీకటి పడేదాకా ఎత్తిపోశాం.

రెండో పని గోడ సంగతి. నేను ఒకటే చెప్పాను. ఎదురుగా ఖాళీ జాగా ఉంది, నాలుగు మూత్రశాలలు కట్టించమని అర్జీ పెడదాం అన్నాను. కార్యదర్శి గారు ముఖం అదోలా పెట్టారు.

"బాగోదండీ టీచరు గారూ. హెరిటేజ్ బిల్డింగు ఎదురుగా పాయిఖానాలేంటండీ? చూసేవాళ్ళేమనుకుంటారు?"

"ఇప్పుడు చూసేవాళ్ళు ఏమనుకుంటున్నారండీ?"

"దానికి నా దగ్గర చక్కటి ఉపాయం ఉందండి. దేవుళ్ళ టైల్స్ అంటించేద్దాం. మా బావమరిది వాళ్ళ అపార్టుమెంటు గోడకి అలాగే చేశారు. మర్నాటి నుంచి ఒక్కడు పోస్తే ఒట్టు."

మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. డంగు సున్నం గోడకి సిమెంటు పడదండీ, చెమ్మ లోపలే ఉండిపోయి గోడ కుళ్ళిపోతుంది అన్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా మీద ఎప్పుడూ ఉన్న మాటే, మళ్ళీ అన్నారు. వారం తిరక్కుండా గోడంతా చెక్కేసి, సిమెంటు మెత్తి, టైల్స్ అంటించారు. వేంకటేశ్వరస్వామి, దుర్గమ్మ, సాయిబాబా, ఏసుప్రభువు, మక్కా. ఎవరూ నొచ్చుకోకుండా అందరూ ఉన్నారు.

నిజం చెప్పాలి, ఉపాయం పారింది. మర్నాటి నుంచి ఆ గోడ మీద చుక్క పడలేదు. నా ముఖం చూసి నవ్వారు కార్యదర్శి గారు. ఆ నవ్వు ఒక్కరోజే ఓర్చుకోవలసి వచ్చింది. ఎందుకంటే రెండో రోజు తెల్ల కారు మళ్ళీ వచ్చింది. ఆయన దిగాడు. దేవుళ్ళని చూశాడు. చెప్పులు విప్పాడు. వరసగా టైల్స్ అన్నిటికీ వేలు తాకించి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత చెప్పులు తొడుక్కుని, మందిరం పక్క సందులోంచి పెరటి గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడ పోశాడు. నేను పైన రోడ్డు వైపు కిటికీ నుంచి పెరటి వైపు కిటికీకి మారి మరీ చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదంటారే, నాకు ఆ సందిగ్ధమేమీ లేదు. కిటికీ రెక్క ధడాలున మూసేశాను.

ఇక ఊరంతా అదే పద్ధతి పట్టింది. ముందు దండం, వెనక దండుగ. రోడ్డు గోడకి ఎండ తగిలేది, గాలి తగిలేది, ఇన్నేళ్ళు ఎలాగో తట్టుకుంది. పెరటి గోడకి అవేవీ లేవు. ఆ మూల దూలం కొన ఉన్న చోట పెచ్చులు ఊడడం మొదలైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ముందు వైపు మాత్రం రోజుకో వైభవం. ఎవరో చామంతి దండ వేశారు. ఎవరో దీపం పెట్టారు. తర్వాత చిన్న అరుగు, దాని మీద గ్రానైటు, పైన రేకుల పందిరి, ఇనప కటకటాలు, హుండీ. గురువారం భజన. భక్తులు చెప్పులు విడవడానికి మందిరం వరండా ఇచ్చారు. అదీ చాలక పైన ఆడవాళ్ళ గది కిటికీకి మైకు కట్టారు. ఎత్తుగా ఉంటుందని.

నేను వెళ్ళి అడిగాను. "లోపల ఆడపిల్లలు పరీక్షలకి చదువుకుంటున్నారండీ. కాస్త పక్కకి కట్టండి."

"దేవుడి పాట వినపడితే మంచిదే కదండీ," అంది భజన నడిపించే పెద్దావిడ. "చదువు బాగా వస్తుందండి, ఆయ్."

అమ్మాయిలు ఒక్కొక్కరే మానేశారు. నిడదవోలు అమ్మాయి మానలేదు. రెండు చెవుల్లో దూది పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని చదివేది. నేనేదైనా చెప్పాలంటే దాని భుజం తట్టాలి.

వచ్చే పుష్కరాలకి ఊరిని అందంగా తయారు చెయ్యాలన్నారు కార్పొరేషన్ వాళ్ళు. ఊరిని అందంగా చెయ్యడమంటే మావాళ్ళకి తెలిసింది రెండే పనులు, రంగు వెయ్యడం, పడగొట్టడం. మందిరానికి రెండోది రాసిపెట్టి ఉంది. ఒక ఇంజినీరు గారు వచ్చి చూశారు. పెరటి మూల ఊడిందనీ, దూలం చివికిందనీ, ప్రమాదమనీ అన్నారు. నేను వెంట నడిచాను. "ఆ ఒక్క మూల బాగు చేస్తే నిలబడదా అండీ?" అని అడిగాను.

ఆయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు. "నిలబడుతుందండి. శుభ్రంగా నిలబడుతుంది. కానీ ఎవరిక్కావాలండీ? మీరొక్కరే అడుగుతున్నారు."

అభిప్రాయాలు చెప్పమని వీధిలోవాళ్ళందరినీ పిలిచారు. మా బడి హాలులో కూర్చున్నారు. బస్సులకీ కార్లకీ పార్కింగ్ కావాలన్నారు. పాములున్నాయన్నారు. తాగుబోతులు చేరుతున్నారన్నారు. ఫోనులోనే అన్నీ ఉంటే ఇంకా పఠన మందిరమేంటండీ అన్నాడొక కుర్రాడు. వారసత్వం, గర్వం అని మైకు కొరికిన మా కార్యదర్శి గారు లేచి, "సెంటిమెంటు వేరండీ, సేఫ్టీ వేరండీ" అన్నారు. నేను మాట్లాడాను. ఎంత సేపు మాట్లాడానో నాకే తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఆఖర్న అందరూ ఓపిగ్గా తలూపి, పడగొట్టడానికే చేతులెత్తారు.

అప్పుడు ఎవరో గుర్తు చేశారు. "మరి దేవుళ్ళండీ?"

హాలంతా గొల్లుమంది. అమ్మో, దేవుళ్ళ గోడ మీద చెయ్యి వేస్తారా, ఊరుకుంటామా అన్నారు. ఇందాక చేతులెత్తినవాళ్ళే లేచి నిలబడ్డారు. గునపం పడితే మా శవాల మీద పడాలన్నాడొకడు. మందిరం మొత్తం పోయేటప్పుడు ఎవరి నోటా రాని మాట, ఐదు టైల్స్ దగ్గరకొచ్చేసరికి అందరి నోటా వచ్చింది. రోడ్డు గోడ ఒక్కటీ ఉంచి మిగతాది తీసేద్దామని తేలింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నాకు ఒక ఆలోచన తట్టింది. నాకే అసహ్యం వేసింది, అయినా వదల్లేదు. ఒక గోడని కాపాడిన దేవుళ్ళు నాలుగు గోడల్నీ కాపాడలేరా? మర్నాడు టైల్స్ కొట్టుకి వెళ్ళాను. దేవుళ్ళ టైల్స్ కావాలన్నాను.

కొట్టతను మర్యాదగా అడిగాడు. "పూజకాండీ, ఒంటికి పోకుండానాండీ?"

"రెండూ వేరా నాయనా?"

"వేరేనండి. ఒంటికి పోకుండా అయితే చిన్న సైజు సరిపోద్దండి. పూజకైతే పెద్దవి, గిల్టు అంచుతో వస్తాయండి."

పెద్దవే తీసుకున్నాను. మేస్త్రీని వెంటబెట్టుకుని ఆటోలో పెరటి గోడ దగ్గర దిగాను. డంగు సున్నం గోడకి సిమెంటు పడదని గొంతు చించుకున్న దాన్ని, ఆ సిమెంటే కలపమన్నాను. మేస్త్రీ తాపీ ఎత్తాడో లేదో, భజన పెద్దావిడా, కార్యదర్శి గారూ, తెల్ల కారాయనా, ఇంకో పది మందీ వచ్చేశారు. అందరి ముఖాల్లో నిజమైన బాధ.

"ఏం పని చేస్తున్నారండీ టీచరు గారూ?" అన్నారు కార్యదర్శి గారు. "ఇక్కడ దేవుళ్ళని పెడతారా?"

"అక్కడ పెట్టారుగా మీరు."

"అక్కడ వేరండీ. ఇక్కడ అందరూ ఒంటికి పోతారు కదండీ! అపచారం కాదాండీ?"

తెల్ల కారాయన కూడా తలూపాడు. "పెద్దవారు, చదువుకున్నవారు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అక్కడున్న ఎవ్వరికీ తామంటున్నదేమిటో వినపడటం లేదు. మేస్త్రీ సామాను సర్దుకున్నాడు. టైల్స్ మా ఇంటి మంచం కింద ఇప్పటికీ ఉన్నాయి, అట్టపెట్టె కూడా విప్పలేదు.

పడగొట్టడం నేను చూడకూడదనుకున్నాను. చూశాను. మందిరాన్ని యంత్రంతో రెండు రోజుల్లో పిండి చేశారు. దేవుళ్ళ గోడ దగ్గరకొచ్చేసరికి యంత్రం ఆపేశారు. మనుషులు ఎక్కి, చిన్న సుత్తులతో, గోడ అదరకుండా, ఒక్కొక్క ఇటుకా చేత్తో విడదీశారు. గోడ పడిపోకుండా రెండు వైపులా స్తంభాలు పోశారు, ఇనప దూలాలు ఆనించారు. పైన వాన నీరు దిగకుండా చక్కటి పూత పూశారు. ఎక్కడో నిపుణుణ్ణి పిలిపించి అడిగి మరీ చేశారట. ఒక్క టైలు మీద గీత పడలేదు. పాత గోడని ఎలా నిలబెట్టాలో మా ఊరికి తెలుసు, బ్రహ్మాండంగా తెలుసు. ఇన్నాళ్ళూ చేతకాక ఊరుకున్నారేమో అనుకుని వెర్రిదాన్ని జాలిపడ్డాను.

రంగు అద్దాలు ఏమయ్యాయో తర్వాత తెలిసింది. పాలకొల్లులో పెళ్ళికి వెళ్ళి, వస్తూ దారిలో ఒక కొత్త హోటల్లో ఆగాం. ఏసీ హాల్లో గోడకి వేలాడదీసి, వెనక బల్బులు పెట్టారు. మధ్యలో చీలిన ఎర్ర అద్దం నేను చూడగానే పోల్చుకున్నాను. జనం వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. "పాతకాలం పనితనమండీ, ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ," అన్నారు మా పక్క బల్లవాళ్ళు. నేను ఆర్డరిచ్చిన పెసరట్టు తినకుండానే లేచిపోయాను.

మొన్న నిడదవోలు అమ్మాయి వచ్చింది. పరీక్ష ఇంకా ముందుంది. గది పోయాక కొన్నాళ్ళు గోదావరి స్టేషను వెయిటింగ్ హాల్లో కూర్చుని చదివిందట. టికెట్టు చూపించమని అడుగుతున్నారని మానేసింది. మామగారి టీవీ అలాగే ఉంది. ఈసారికి పరీక్ష రాయనేమోనండి మేడమ్ అంది. మా ఇంటికొచ్చి చదువుకోవే అన్నాను. మా అమ్మకి ఇప్పుడు ఓపిక లేదండి, చంటివాణ్ణి వెంటేసుకుని మీ ఇంట్లో రోజూ ఎలాగండీ, మీవారికి ఒంట్లో బాగోదు కదండీ అంది. స్టేషనుకి ఆటో ఎక్కించడానికి దాని వెంట మలుపు దాకా నడిచాను.

గోడ నిలబడి ఉంది. ముందు దీపాలు, పూలు, అగరొత్తుల పొగ. వెనక ఖాళీ స్థలం, పది కార్లు. లోపలి వైపు ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. మా గది నీలం సున్నం పై సగాన అలాగే ఉంది. దాని కింద, మెట్లు ఆనుకున్న చోట, ఏటవాలుగా పళ్ళ వరసలా గుర్తులు. కిందనుంచి పైదాకా. ఎక్కేవాళ్ళు లేరు, ఎక్కడానికి లేదు.

మేం చూస్తుండగానే ఒకాయన కారు దిగాడు. తెల్ల కారు కాదు, మరొకటి. చెప్పులు విప్పి దేవుళ్ళకి దండం పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గోడ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి, సరిగ్గా మెట్టు మొదలయ్యే గుర్తు దగ్గర నిలబడి ప్యాంటు జిప్పు తీశాడు.

"మేడమ్, మన మొదటి మెట్టు అక్కడే కదండీ?" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

నేను అరిచాను. నా వయసు, నా పరువు, రోడ్డు, ఏదీ చూసుకోలేదు. "ఏంటండీ ఆ పని? గోడ కాదా అది?"

ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఒక పెద్దావిడ కోప్పడితే ఎవరైనా నొచ్చుకున్నట్టే నొచ్చుకున్నాడు.

"ఇటువైపు దేవుళ్ళు లేరండీ," అన్నాడు.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "పదండి మేడమ్, బండి టైమైంది," అంది.